నడుస్తూ నడుస్తూ ఆగిపోయే కారు: పార్టులు మార్చే ముందు ఏం చూడాలి?

ఆరాంఘర్ చౌరస్తా దాటి గగన్‌పహాడ్ మీదుగా శంషాబాద్ వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి రాత్రీ పగలూ ఖాళీగా ఉండదు. 2008లో ఎయిర్‌పోర్ట్ శంషాబాద్‌కు మారినప్పటి నుంచి ఈ దారి మీద రద్దీ పెరుగుతూనే ఉంది. ఉమ్రాకు బయల్దేరే పెద్దలను దించడానికి, గల్ఫ్ నుంచి వచ్చే బంధువులను తీసుకురావడానికి, కొత్తూరు మండలంలోని జహంగీర్ పీర్ దర్గాకు వెళ్లడానికి పాతబస్తీ కుటుంబాలు ఎక్కువగా పట్టుకునేది ఈ రోడ్డే. కాటేదాన్ పారిశ్రామికవాడ నుంచి వచ్చే లారీలు, బెంగళూరు బస్సులు, ఎయిర్‌పోర్ట్ క్యాబ్‌లు అన్నీ పక్కపక్కనే పరుగెడుతుంటాయి. అలాంటి చోట ఏ సూచనా లేకుండా ఇంజిన్ బంద్ అయితే అది బండికి వచ్చిన ఇబ్బంది మాత్రమే కాదు, లోపల కూర్చున్నవాళ్ల ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఈ జబ్బులో చిక్కు ఏమిటంటే, రోడ్డు మీద ఆగిన బండి గ్యారేజీకి చేరేసరికి శుభ్రంగా నడుస్తుంది. మెకానిక్ సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు స్టార్ట్ అవుతుంది. ఇక అంచనాలు మొదలవుతాయి. మొదట ప్లగ్‌లు, తర్వాత కాయిల్, ఆ తర్వాత ఫ్యూయల్ పంప్, చివరకు సెన్సర్. ఒక్కో పార్టుకు వేల రూపాయలు పెట్టినా వారం తర్వాత బండి మళ్లీ ఎక్కడో ఆగుతుంది. దీనికి మందు ఒక్కటే. ఇంజిన్ ఆగిన ఆ క్షణంలో ఏది అందకుండా పోయిందో కనిపెట్టాలి. అది తెలిసే వరకు ఏ పార్టూ కొనకూడదు.

నడిరోడ్డు మీద ఆగితే ముందు చేయాల్సింది

ఇంజిన్ ఆగినా స్టీరింగ్ పనిచేస్తుంది, కాకపోతే బాగా బరువెక్కుతుంది. రెండు చేతులతో గట్టిగా తిప్పాలి. బ్రేక్ కూడా పనిచేస్తుంది. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు సార్లు నొక్కడానికి సరిపోతుంది. అందుకే బ్రేక్‌ను పదేపదే నొక్కి వదలకుండా, ఒకేసారి నిదానంగా నొక్కి పట్టుకోవాలి. వాక్యూమ్ అయిపోయాక పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు కాలి బలమంతా పెడితే బండి ఆగుతుంది.

క్లచ్ నొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి. హజార్డ్ లైట్లు వేసి, బండికి ఇంకా ఊపు ఉండగానే ఎడమ పక్కకు తీసుకోవాలి. బండి కదులుతుండగా తాళంచెవిని బయటకు లాగకూడదు. లాగితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది. ఆపిన తర్వాత పిల్లలను, పెద్దవాళ్లను ఎడమ వైపు తలుపుల నుంచి దించి, రోడ్డుకు దూరంగా, వీలైతే రెయిలింగ్ అవతల నిలబెట్టాలి. రిఫ్లెక్టర్ ట్రయాంగిల్‌ను బండికి బాగా వెనక పెట్టాలి. జాతీయ రహదారుల మీద సాయం కోసం 1033, ఎమర్జెన్సీకి 112 నంబర్లు ఉన్నాయి. బానెట్ ఎత్తి రోడ్డు మధ్యలో రిపేర్ చూడటం మాత్రం వద్దు.

ఆగిన తీరే సగం జవాబు చెబుతుంది

పెట్రోల్ ఇంజిన్ నడవాలంటే నాలుగు అందాలి: గాలి, పెట్రోల్, స్పార్క్, ఈ రెండూ ఎప్పుడు రావాలో చెప్పే సిగ్నల్. వీటిని కంప్యూటర్, అంటే ఈసీఎం నడిపిస్తుంది. దానికి కరెంట్ అందకపోతే అన్నీ ఒకేసారి ఆగుతాయి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ఉండదు కానీ మిగతావి అంతే. ఏది పోయిందో తెలియాలంటే బండి ఆగిన వెంటనే ఈ ఆరు విషయాలు ఫోన్‌లోనో, డాష్‌బోర్డ్‌లో పెట్టుకున్న చిన్న పుస్తకంలోనో రాసుకోవాలి.

1. ఎలా ఆగింది? స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగిందా, జర్కులు కొడుతూ బలం తగ్గి ఆగిందా? ఠక్కున ఆగితే అనుమానం కరెంట్ మీదకు, సిగ్నల్ మీదకు పోతుంది. దగ్గుతూ ఆగితే పెట్రోల్ అందడం లేదని అనుకోవాలి.

2. డాష్‌బోర్డ్ ఎలా ఉంది? లైట్లు, మ్యూజిక్ అన్నీ ఒక్కసారిగా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజ్, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. డాష్‌బోర్డ్ బతికే ఉండి ఇంజిన్ మాత్రమే ఆగితే లోపం వేరే చోట ఉన్నట్టు.

3. ఆర్‌పీఎం ముల్లు ఏం చేసింది? బండి గేర్‌లోనే ఉండి చక్రాలు ఇంకా ఇంజిన్‌ను తిప్పుతున్నా ముల్లు ఒక్కసారి సున్నాకు పడితే క్రాంక్ సెన్సర్ సిగ్నల్ పోయిందని బలమైన అనుమానం. బండి వేగంతో పాటు ముల్లు మెల్లగా దిగితే ఆ సెన్సర్ బాగానే ఉన్నట్టు.

4. ఇంజిన్ వేడి ఎంత? పొద్దున చల్లటి ఇంజిన్‌తో ఆగిందా, గంట నడిపాక ఆగిందా? ఎంతసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అయింది? 20-30 నిమిషాలు చల్లారితేనే లేస్తుందంటే వేడికి పనిచేయకుండా పోయే పార్టు ఏదో ఉంది.

5. ఎక్కడ ఆగింది? సిగ్నల్ దగ్గర ఐడిల్‌లోనా, 80 స్పీడ్‌లోనా, ఫ్లైఓవర్ ఎక్కుతుంటేనా, గుంతలో పడ్డప్పుడా, మలుపులోనా?

6. ట్యాంక్‌లో ఎంత ఉంది, ఎప్పుడు కొట్టించారు? బంక్ నుంచి బయటకు రాగానే ఆగిందా? ఏసీ నడుస్తోందా? వాన పడుతోందా?

నాలుగైదు సార్లు ఆగిన వివరాలు ఇలా రాసి పెట్టుకుంటే వాటిలో ఒక పోలిక బయటపడుతుంది. మంచి మెకానిక్ మొదట అడిగేదీ అదే: "భాయ్, సిగ్నల్ దగ్గర ఆగుతుందా, నడుస్తుంటే ఆగుతుందా?" ఈ ప్రశ్నకు జవాబు లేని కారు యజమానికి ఖర్చు రెట్టింపు అవుతుంది.

ఎక్కువగా దొరికే దోషులు

బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైరు: అన్నిటికన్నా చవకైనవి ఇవే, చాలామంది చూడకుండా వదిలేసేవీ ఇవే. టెర్మినల్ వదులైతే గుంతలో పడగానే కరెంట్ తెగి మళ్లీ కలుస్తుంది. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా ఇదే తంతు. ఇంజిన్ ఆపి టెర్మినల్‌ను చేత్తో తిప్పి చూడాలి. కదిలితే అదే లోపం కావచ్చు. ఇంజిన్ ఆపినప్పుడు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.7 వోల్టులు చూపాలి. నడుస్తుండగా 12 కన్నా తగ్గుతుంటే ఆల్టర్నేటర్ సరిగా చార్జ్ చేయడం లేదు.

ఇగ్నిషన్ స్విచ్: పాత బండ్లలో తాళంచెవి పెట్టే చోట లోపలి కాంటాక్టులు అరిగిపోతాయి. తాళంచెవికి ఇంటి తాళాలు, బీరువా తాళాలు, కీచైన్లు అన్నీ గుత్తిగా తగిలిస్తే ఆ బరువు స్విచ్‌ను కిందికి లాగుతుంది. బండి నిలిపి ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా తాళంచెవిని మెల్లగా అటూ ఇటూ కదిపితే లోపం బయటపడవచ్చు. కారు తాళంచెవిని విడిగా ఉంచుకోవడం పైసా ఖర్చు లేని జాగ్రత్త.

క్రాంక్ సెన్సర్: ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో, పిస్టన్ ఏ చోట ఉందో ఈసీఎంకు చెప్పేది ఇదే. ఇది మాట్లాడటం మానేస్తే కంప్యూటర్ స్పార్క్‌నూ పెట్రోల్‌నూ రెండింటినీ ఆపేస్తుంది. ఇంజిన్ వేడికి లోపలి సన్నని తీగ వ్యాకోచించి తెగినట్టవుతుంది. చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఎండాకాలంలో ట్రాఫిక్‌లో ఆగి అరగంటకు లేచే బండ్లలో మొదట దీన్నే అనుమానిస్తారు. సెన్సర్ కన్నా ముందు దాని కనెక్టర్, వైరు చూడాలి. ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇదే లక్షణం చూపిస్తాయి.

ఫ్యూయల్ పంప్, రిలే, ఫిల్టర్: తాళంచెవి ఆన్ చేయగానే చాలా పెట్రోల్ కార్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు సన్నని 'జుయ్' శబ్దం వస్తుంది. అది పంప్ ప్రెషర్ ఎక్కిస్తున్న చప్పుడు. బండి ఆగిన వెంటనే తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి ఈ శబ్దం వినాలి. రాకపోతే పంప్‌కు కరెంట్ అందడం లేదు, లేదా పంప్ పోయింది. వెంటనే పంప్ కొనేయకుండా రిలే చూడాలి. ఫ్యూజ్ బాక్స్‌లో అదే నంబర్ ఉన్న మరో రిలే, ఉదాహరణకు హారన్ రిలే, ఉంటే దాన్ని మార్చి పెట్టి చూడొచ్చు. పంప్ ట్యాంక్‌లో పెట్రోల్‌లో మునిగి ఉండి దానితోనే చల్లబడుతుంది. ఎప్పుడూ రిజర్వ్‌లోనే నడిపేవాళ్ల పంప్ త్వరగా వేడెక్కి అరుగుతుంది.

థ్రాటిల్ బాడీ: సిగ్నల్ దగ్గర, స్పీడ్ బ్రేకర్ దగ్గర, యాక్సిలరేటర్ వదలగానే ఆగే బండ్లలో ఎక్కువగా దొరికేది ఇక్కడి కార్బన్. ఐడిల్‌కు కావాల్సిన కొద్ది గాలి కూడా లోపలికి రానివ్వదు. ఏసీ వేస్తే ఇంజిన్‌కు భారం పెరిగి ఆగుతుంది. శుభ్రం చేయించాక చాలా మోడళ్లలో స్కానర్‌తో ఐడిల్ మళ్లీ సెట్ చేయించాలి. పగిలిన వాక్యూమ్ పైపు, తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్ కూడా ఐడిల్‌లోనే ఆపుతాయి.

ట్యాంక్ గాలి దారి: ట్యాంక్‌లోకి గాలి వెళ్లే దారి మూసుకుపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పంప్‌కు పెట్రోల్ లాగడం కష్టమవుతుంది. మూత తీస్తే 'సుయ్'మని గట్టిగా శబ్దం వచ్చి, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే దీన్ని చూడాలి. ఫుల్ ట్యాంక్ కొట్టించిన వెంటనే ఆగే బండిలో పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి.

డీజిల్, సీఎన్‌జీ బండ్లు: డీజిల్‌లో ఫిల్టర్‌లో చేరిన నీరు, పైపు జాయింట్ల దగ్గర లోపలికి పీల్చుకునే గాలి ముఖ్య కారణాలు. ఫిల్టర్ కింద నీరు వదిలే స్క్రూ ఉంటే అప్పుడప్పుడు తీసి చూడాలి. సీఎన్‌జీ క్యాబ్‌లు నడిపేవాళ్లకు ఒక సులువు ఉంది. రెండు రోజులు పెట్రోల్ మీదే నడపాలి. అప్పుడూ ఆగితే లోపం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలో, అంటే కరెంట్‌లోనో, సెన్సర్‌లోనో, స్పార్క్‌లోనో ఉంది. ఆగకపోతే గ్యాస్ కిట్ వైపు వెతకాలి.

స్కానర్ చెప్పేది, చెప్పనిది

స్టీరింగ్ కింద డాష్‌బోర్డ్ దిగువన 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ పెడితే ఈసీఎం గుర్తుపెట్టుకున్న కోడ్‌లు వస్తాయి. పి0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, పి0340 అంటే క్యామ్ సెన్సర్ సర్క్యూట్, పి0087 అంటే ఫ్యూయల్ ప్రెషర్ బాగా తక్కువ, పి0171 అంటే గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ, పి0506 అంటే ఐడిల్ ఉండాల్సిన దానికన్నా తక్కువ. కోడ్‌తో పాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా చదివించాలి. ఆ కోడ్ పడిన క్షణంలో వేగం, వేడి, ఆర్‌పీఎం ఎంతున్నాయో అందులో ఉంటుంది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఒకటి, స్కాన్ చేయకముందే బ్యాటరీ వైరు తీయకూడదు. చాలా బండ్లలో కోడ్‌లు చెరిగిపోతాయి. రెండు, కోడ్ ఫలానా పార్టు పోయిందని తీర్పు చెప్పదు. ఆ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. వైరు తెగినా, కనెక్టర్‌లో నీరు చేరినా అదే కోడ్ వస్తుంది. మూడు, ఏ కోడూ రాలేదంటే లోపం లేదని కాదు. ఇగ్నిషన్ స్విచ్ తెగితే ఈసీఎంకే కరెంట్ ఉండదు, ఇక అది ఏం రాసుకుంటుంది?

కోడ్ లేని బండికి ఓపిక కావాలి. స్కానర్‌ను రికార్డింగ్‌లో పెట్టి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, బండి ఎలాంటప్పుడు ఆగుతుందో సరిగ్గా అలాంటప్పుడే నడపాలి. వేడికి ఆగే బండిని పొద్దున ఏడింటికి గ్యారేజీలో వదిలితే దొరికేదేమీ ఉండదు. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో తిప్పి, వేడి మీదే తీసుకెళ్లాలి. అనుమానం ఉన్న సెన్సర్‌కు హెయిర్ డ్రయర్‌తో వేడి తగిలించడం, ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో కనెక్టర్‌ను జాగ్రత్తగా కదిపి చూడటం చాలాకాలంగా పనికొస్తున్న పద్ధతులు. పంప్ కరెంట్ వైరుకు చిన్న బల్బు కలిపి డ్రైవర్‌కు కనిపించేలా పెడితే, ఇంజిన్ ఆగినప్పుడు బల్బు ఆరిందా వెలుగుతోందా అన్నది చాలా చెబుతుంది. ఆరితే కరెంట్ వైపు, వెలుగుతుంటే పంప్ వైపు లేదా స్పార్క్ వైపు వెతకాలి.

వరద నీళ్లు చూసిన బండి

గగన్‌పహాడ్ పేరు చెబితే 2020 అక్టోబర్ గుర్తుకొస్తుంది. ఆ నెల 13 రాత్రి నగరమంతా కుండపోత కురిసినప్పుడు ఇక్కడి అప్పా చెరువు తెగి నీళ్లు జాతీయ రహదారి మీద పడ్డాయి. రోడ్డు దెబ్బతింది, రాకపోకలు ఆగాయి, బండ్లు కొట్టుకుపోయాయి. అలాంటి నీళ్లలో మునిగిన కార్లు ఆరబెట్టాక నడుస్తాయి. కానీ కనెక్టర్ల లోపల చేరిన తడి నెలల తర్వాత పచ్చటి తుప్పుగా మారి, ఏ రోజు ఏ పార్టును ఆపుతుందో చెప్పలేని స్థితికి తెస్తుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కార్పెట్ ఎత్తి కింద మట్టి పొర చూడాలి. సీట్ల కింది పట్టాలు, స్క్రూలు తుప్పు పట్టాయేమో చూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే నీటి మరక కనిపిస్తుంది. ఫ్యూజ్ బాక్స్‌లో తెల్లటి, పచ్చటి పొడి ఉంటే ఆ బేరం వదులుకోవడమే మంచిది.

వానలో నిలిచిన నీళ్లలో ఇంజిన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే, నీరు గాలిలా నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు వేలల్లో పోయే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. మామూలు పాలసీలో ఇలాంటి నష్టం ఉండకపోవచ్చు. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ ఉందో లేదో పాలసీ కాగితంలో ముందే చూసుకోవాలి.

పెట్రోల్‌లో ఇథనాల్ సంగతి

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంక్‌లో తడి చేరితే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగవచ్చు. పాత ట్యాంక్‌లో పేరుకున్న మురికిని కూడా ఇథనాల్ కదిలించి ఫిల్టర్‌కు చేరుస్తుంది. ఈ మిశ్రమం కోసం తయారుకాని పాత మోడళ్లలో రబ్బరు పైపులు, సీళ్లు త్వరగా పాడవుతాయి. గల్ఫ్‌లో ఉండి ఏడాదికోసారి వచ్చేవాళ్ల కారు ఇంటి ముందే నిలిచి ఉంటే వారానికోసారి ఎవరైనా నడిపి, ట్యాంక్‌లో పెట్రోల్ మారుతూ ఉండేలా చూడాలి.

కంపెనీ రీకాల్ ఉందేమో చూడండి

కొన్నిసార్లు లోపం తయారీలోనే ఉంటుంది. ఫ్యూయల్ పంప్ కారణంగా మారుతీ 2020 జూలైలో 1,34,885 వ్యాగనార్, బలేనో కార్లను వెనక్కి పిలిచింది. 2024 మార్చిలో మరో 16,041 బలేనో, వ్యాగనార్ కార్లకు పంప్ మోటార్ భాగం వల్ల ఇంజిన్ ఆగే అవకాశం ఉందని ప్రకటించింది. హోండా 2024 అక్టోబర్‌లో 90 వేలకు పైగా పాత కార్లకు పంప్ మార్చడానికి ముందుకొచ్చింది. ఇలాంటి రిపేర్‌కు యజమాని డబ్బులు కట్టాల్సిన పని లేదు. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది, కానీ కంపెనీ పంపే సమాచారం పాత యజమాని నంబర్‌కు వెళ్లి ఉండొచ్చు. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి గానీ, షోరూమ్‌లో చెప్పి గానీ చూసుకోవచ్చు.

ఈ లోపాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. జనరల్ మోటార్స్ 2014లో సుమారు 26 లక్షల కార్లను ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల వెనక్కి పిలిచింది. నడుస్తుండగా తాళంచెవి తనంతట తాను జారి ఇంజిన్ ఆగేది, దాంతో పాటు ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేయకుండా పోయేవి. ఆ లోపంతో 124 మంది చనిపోయారని కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధి గుర్తించింది.

మెకానిక్ దగ్గర ఎలా మాట్లాడాలి

"బండి ఆగుతోంది, చూడండి" అని తాళాలు ఇచ్చి వచ్చేయడం కన్నా రాసుకున్న వివరాలు చేతిలో పెట్టడం మేలు. ఖర్చు తక్కువ ఉన్న పరీక్షల నుంచి మొదలుపెట్టమని అడగాలి: టెర్మినళ్లు, ఎర్త్, ఫ్యూజ్‌లు, రిలే, స్కాన్, థ్రాటిల్ శుభ్రం, ఫ్యూయల్ ప్రెషర్, ఆ తర్వాతే సెన్సర్, పంప్. ఫలానా పార్టు మార్చాలంటే "ఏ పరీక్షలో తేలింది?" అని మర్యాదగా అడగొచ్చు. జవాబు "మారిస్తే తెలుస్తుంది" అయితే మరో చోట చూపించుకోవాలి. ఒకేసారి మూడు పార్టులు మార్చితే ఏది అసలు కారణమో ఎప్పటికీ తెలియదు. మార్చిన పాత పార్టునూ బిల్లునూ తీసుకోవాలి.

పార్టు మార్చాక ఒక్క రోజు బాగా నడిచిందని నమ్మకూడదు. ముందు ఎన్ని రోజులకోసారి ఆగేదో, దానికి మూడు రెట్ల కాలం ఆగకుండా నడిస్తేనే లోపం పోయినట్టు లెక్క. అప్పటి వరకు రాత్రి ఫ్లైట్‌కు, ఔటర్ రింగ్ రోడ్డు మీద దూరప్రయాణానికి, ఇంట్లో చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లే పనికి ఆ బండి తీయకపోవడమే మంచిది. ఎయిర్‌పోర్ట్‌కు క్యాబ్ చార్జీ ఎంతైనా, హైవే మధ్యలో బండి ఆగితే జరిగే నష్టం కన్నా అది తక్కువే.